అట్ట లేని పుస్తకం

కోరుట్లల మాది బీడీల వాడకట్టు.
పగటీలి రెండు గొట్టంగ
గంగు వాళ్ల రేకుల కింద
ఏడు చాటలు ఏడు ఒళ్లల్లకొస్తయి.
నేను ఎనిమిదోదాన్ని.
నా ఒళ్లె పుస్తకం.

సదివినంతసేపు నా చేతులు ఆకు చుట్టయి గనక
తలా ఒక కట్ట నా లెక్కల ఏస్తరు.
ఏడు కట్టలు.
ఈ ఊళ్లె నా గొంతుకున్న ధర అది,
తక్కువేం గాదు.

పల్లీల పొట్లాలకు పోయేదాన్ని
పాతసామాన్లోని తరాజు మీదికెల్లి
లసుమవ్వ గుంజుకొచ్చింది.
అట్ట లేదు, మొదటి పదకొండు పేజీలు లెవ్వు.
రాసినాయన ఏ జెండా పట్టిండో
ఆనవాలు లేదు.
"మంచిదే" అన్నది పోసాని,
"ముందుగాల్నే మనసిరగకుంట ఇనొచ్చు."

భూమి ఎవలది, పన్ను ఎవలు కట్టాలె,
ఓటేసినంక ఐదేండ్లు మనిషి ఏం జెయ్యాలె?
పుస్తకం అడుగుతుంటె
తునికాకు మీద కత్తెర ఒక్కోపారి ఆగేది.

అది మున్సిపల్ ఎలక్షన్ల నెల.
పోసాని తమ్మునిది ఒక కండువ,
షమీమ్ మరిదిది ఇంకో కండువ.
నూట నాలుగో పేజీల
ఎక్కువమంది చెప్పిందల్లా న్యాయం కాదని ఉన్నకాడ
షమీమ్ ఏదో అనబోయింది.
"మీకోసమే రాసిండు గీ మాట" అన్నది పోసాని.

ఆ 'మీ'ల షమీమ్ ఒక్కతే లేదు.
ఆమె గల్లి ఉన్నది, పండుగలున్నయి,
ఎన్నడు సూడని ఆమె తాతలున్నరు.

షమీమ్ ఒర్రలే.
చాట కింద పెట్టి
తంబాకు దులుపుకొని లేచిపోయింది.
ఆ దినం నా లెక్కల ఆరు కట్టలే.
మూడు దినాలు ఆరు కట్టలే.

నాలుగోనాడొచ్చి కూసున్నది.
"ఎందాకొచ్చింది?"
"నూట ముప్పై."
"నేను లేచిపోయిన పేజీ కెల్లి సదువు."

ఇరవై ఆరు పేజీలు ఎనుకకు తిప్పిన.
ఎవ్వలు కాదనలే.
ఆ వాక్యం కాడికి రాంగనె నా గొంతే తడవడ్డది.
పోసాని చుట్టుడు ఆపకుంటనే అన్నది:
"ఆనాడు నువ్వేమనబోయినవో నేను ఇనలే.
ఇప్పుడు జెప్పు."

షమీమ్ చెప్పింది.
లిస్టుల పేరు లేదని
రెండుపార్లు బూతుకాడికెల్లి మర్లొచ్చిన ముచ్చట,
చంకల పిల్లతోని, ఎండల.
పోసాని ఒప్పుకోలే.
గట్ల గాదన్నది. గది సుత నిజమే గాని, అన్నది.
ఆ 'గాని' ఎనుక ఇంకో గంట పోయింది.
కోపం రాలేదంటె అబద్ధం,
దారం పండ్లతోని తెంపుతుంటె కండ్లవడ్డది.

'మీరు' అంటె మర్యాదని బడిల చెప్పిండ్రు.
ఆ పొద్దు రేకుల కింద
మర్యాద 'నువ్వు'ల ఉండె.

మాపటికి ఠేకేదారు లెక్కబెట్టుకుంట
పోసానియి పన్నెండు, షమీమ్‌యి పద్నాలుగు
వదులైనయని పక్కకు పారేసిండు.
"ఇయ్యాల ఏం జేసిండ్రే మీరిద్దరు?"

"సదువుకున్నం" అన్నది షమీమ్.