నిలుచుని వేసే తెడ్డు

నా తెడ్డు ఇప్పుడు ఫోస్కా ఇంట్లో ఉంది.
నేనే ఇచ్చాను, మంగళవారం, వానలో,
మజ్జోర్బో రేవు దగ్గర.
పట్టుకునే చోట నా అరచేతి చెమటకి
నల్లబడిన నాలుగు మీటర్ల కర్ర.
"అరువనుకో" అన్నాను.
ఆమె ఏమీ అనలేదు. తెడ్డు తిరగేసి
అంచు మీది చీలికని బొటనవేలితో తడిమింది.
ఆ చీలిక వంతెనకి తగిలి పడింది. తప్పు తనది.
ఇరవై ఆరేళ్ళుగా నాదంటోంది.

మేం కూర్చుని తెడ్డు వేసేవాళ్ళం కాదు.
వెనిస్ వెనకాల కయ్య లోతు తక్కువ,
బురద దిబ్బ ముందే కనపడాలంటే నిలబడాలి.
కుడికాలు ముందు, ఎడంకాలు వెనక,
ఒంటి బరువంతా తెడ్డు మీదికి తోసి
పడబోతూ, పడబోతూ,
పడకపోవడమే మా పడవ నడక.
ముప్ఫై నాలుగేళ్ళు పడబోయాను.
ఒక్కసారే పడ్డాను, అదీ
వెనక నించి ఫోస్కా చెప్పిన జోకుకి.

ఇప్పుడు వంటింట్లో పడ్డాను,
ఆర్టిచోకులు కడుగుతూ.
"కళ్ళు తిరిగాయా?" అన్నాడు నేరెయో.
కళ్ళు ఉన్నచోటే ఉన్నాయి.
తిరిగింది సింకు. తిరిగింది కిటికీ.
ఎప్పుడూ ఒరిగి ఉండే మా బురానో గంటస్తంభం
ఆ ఒక్క క్షణం
నిటారుగా నిలబడింది.

డాక్టర్ జెన్నారో ప్లాస్టిక్ చెవి విప్పి చూపించాడు.
లోపల నత్తగుల్ల, మూడు వంకర గొట్టాలు.
"ఇందులో నీళ్ళు పెరిగాయి.
ఎందుకో మాకూ సరిగ్గా తెలీదు."
నవ్వొచ్చింది. నీళ్ళు పెరగడం గురించి
మాకు చెబుతున్నాడు!
నవంబరులో సైరన్ మోగితే
ఫ్రిజ్ ప్లగ్గు పీకి మేడెక్కేవాళ్ళం.
ఈ చెవిలో సైరన్ ఆగడం లేదు.
ఎక్కడానికి మేడ లేదు.

"ఉప్పు తగ్గించండి."
ఈ నీటి ఉప్పు తిని బతికినదాన్ని.
చొక్కా ఆరితే వీపు మీద తెల్లటి చారలు,
పెదవి తడుపుకుంటే సముద్రం.
ఎండుచేప, ఊరేసిన ఆలివ్, చీజ్, అన్నీ రాసిచ్చాడు, వద్దని.
ఆ కాగితం అడుగున
చివర్లో గుర్తొచ్చిన కూరగాయల్లా:
నిచ్చెన. సైకిల్. పడవ.

అయినా ఏప్రిల్లో వెళ్ళాను.
నేరెయో లేవకముందే, చెప్పులు చేత్తో పట్టుకుని.
పది నిమిషాలు ఎంత బాగుందో!
అక్కడ అన్నీ ఊగేవే,
నేనొక్కదాన్నే ఊగుతున్నానని ఎవరికి తెలుస్తుంది?
తర్వాత ప్రయాణికుల పడవ పోయింది.
దాని అల మా దగ్గరికి రాకముందే
నేను మోకాళ్ళ మీద ఉన్నాను,
తెడ్డు ఆనించే వాల్‌నట్ కొయ్యని కావలించుకుని,
నిన్న తిన్నదంతా నీళ్ళలోకి.

ఫోస్కా ఒక్కతే తోసింది, ఇంటిదాకా.
అరవై మూడేళ్ళ భుజాలు.
రేవుకి తాడు కడుతూ, నా వైపు చూడకుండా అంది:
"జనవరి నించీ
నువ్వు ఒక పక్కకి వాలినప్పుడల్లా
నేను రెండో పక్కకి వాలుతున్నాను."

జనవరి నించీ.
పడవ తిన్నగా పోతోందని
ఎంత మురిసిపోయానో, నా కాళ్ళని చూసుకుని.

డాక్టరు చెబితే మానలేదు నేను.

ఇవాళ ఆదివారం. గట్టు మీద కుర్చీ వేశాడు నేరెయో.
నా చోట, ముందు, కొత్త పిల్ల, పందొమ్మిదేళ్ళది,
పేరు ఎల్విరా అట. నా తెడ్డే.
కాలు తప్పు వేస్తుందేమో అని చూశాను.
కుడికాలు ముందు, ఎడంకాలు వెనక.
చక్కగా నిలబడింది.
నాకేమీ నచ్చలేదు.

ఫోస్కా నిటారుగా ఉంది,
ఏ పక్కకీ వాలాల్సిన పని లేక,
ఏం తోచనిదానిలా.

పడవ చిన్నదైపోయాక
కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.
గట్టు మెల్లగా బయల్దేరింది.