మూడో తొట్టి

మొదటి తొట్టిల ఎంగిలి,
రెండో తొట్టిల నురుగు,
మూడో దాంట్ల మంచినీళ్లని పేరే గానీ
రాత్రి పదికల్లా అవి గూడ సాలన్ రంగే.

ముషీరాబాద్‌ల హోటల్ నౌబహార్,
దాని ఎనక తలుపు కాడ నేను.
ముందు తలుపు ఒక్కసారే చూసిన,
పనికి కుదిరిన దినం, అది గూడ తొవ్వ తప్పి.

మనుషుల మొఖాలు నాకు తెల్వయి.
ప్లేట్లు తెలుసు.
బొక్కలన్నీ ఒక పక్కకు వరుసగ పేర్చిపోయేటాయన
ప్రతి శుక్రారం వస్తడు.
గుడ్డుల తెల్లది గిల్లుకోని
పచ్చది ఇడిసిపెట్టే పిల్ల ఒకతుంది,
ఎన్నడు పెద్దగైతదా అని చూస్తున్న.
మొన్న పచ్చది గూడ తిన్నది.
ఇద్దరు కూసున్న బల్ల మీదికెల్లి
ఒక ప్లేటు నాకినట్టు,
ఇంకోటి వడ్డించింది వడ్డించినట్టే వస్తే
ఆడ ఏం మాట నడిచిందో
నాకెవ్వరు చెప్పే పనిలేదు.

రబ్బరు తొడుగులు ఇచ్చిండ్రు ఒకపారి. మూడొద్దులకు చినిగినయ్.
మళ్ల అడిగితే ఖుద్దూస్ సాబ్ నవ్విండు,
ఇంట్ల గిన్నెలు తొడుగులేసుకోనే తోముతవా అని.
నిజమే, ఇంట్ల నాయి నాలుగు గిన్నెలు.
అండ్ల ఒకటి సొట్ట.

పక్కన సుశాంత, ఒడిశా పిలగాడు.
వానికి నా మాట రాదు, నాకు వానిది రాదు.
గిలాసలు వానియి, ప్లేట్లు నాయి.
లెక్క వాని భాషల పెట్టుకుంట పోతడు,
నూటికాడ ఆగి నా దిక్కు చూస్తడు,
నేను తలూపుత.
నూరంటే ఎంతో ఇద్దరికి ఎరుకే.

నెల పడ్డంక
పార్సిగుట్ట కంట్రోల్ దుకాణంకు పోయిన.
బొటనేలు పెడితే మిషిన్ ఎర్రగ కూసింది.
చూపుడేలు పెట్టిన, అదే కూత.
తలకు రుద్దుకోని పెట్టమన్నడు డీలర్.
తలకు రుద్దిన, కొంగుకు తుడిచిన,
ఎనకామె సంచిల కెల్లి కొబ్బరినూనె చుక్క పోసింది.
పదేళ్లూ అయిపోయినయ్.
"నీ ఏళ్లకు గీతలే లేవు గదమ్మా" అన్నడాయన,
తప్పు నేనే చేసినట్టు.
"దొంగతనాలకు పనికొస్తవక్కా" అన్నరెవలో లైన్ల.
అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన.
ఆఖరికి కన్ను పెట్టమన్నడు.
కన్ను కలిసింది.
పద్దెనిమిది కిలోలు తూచిండు.
బియ్యం మూట నెత్తి మీదికెత్తుకునేదాంక
నవ్వుతనే ఉన్న.

ఆ రాత్రి ప్లేటు బోర్లిచ్చి చూసిన.
అడుగున చుక్కలు చుక్కలు కొట్టిన అచ్చరాలు:
హోటల్ నౌబహార్.
చదువు రాదు నాకు,
ఏడేండ్ల సంది ఏలికింద తగులుతున్నయ్ గనక
ఏ వంపు ఏడుందో తెలుసు.
సోడా ఏసి తోమిన. ఇనుప పీచుతోని తోమిన.
ఒక్క చుక్క పోలే.
సుశాంతకు ప్లేటు చూపెట్టిన, అటెంక నా బొటనేలు.
వాడు ఏమనుకున్నడో ఏమో,
చెయ్యి లాగుకి తుడుచుకోని
వాని ఏలు బల్బు కింద పెట్టి చూసుకున్నడు.
ఇంకా ఉన్నయ్, సన్నగ,
నాగలి పోయొచ్చిన చెలక తీరు.
సోడా డబ్బ నా దిక్కు జరుపుకున్న.

ఒంటిగంటకు దేగ్ వచ్చింది, ఆఖరుది.
పక్కకు పండవెట్టి నడుము దాంక దూరితే గానీ
చెయ్యి అడుగుకు అందదు.
లోపల ఉల్లిగడ్డ మాడిన వాసన,
షాజీరా, సల్లారిన ఆవిరి.
ఎవ్వరికి ఇనబడదు గదా అని
నా పేరు నేనే పిలిచిన.
ఈదమ్మా.
అంత పెద్దగ నన్నెవ్వరు పిలువలే ఎన్నడు,
పొలం అవతలి గట్టు మీదికెల్లి మా అవ్వ గూడ.

"కౌన్ హై అందర్?"
గల్లా పెట్టె కాడికెల్లి ఖుద్దూస్ సాబ్.

ఎవ్వరు లేరు సాబ్.
అడుగంటింది.
ఇంకింత సేపు నానాలె.