శాంపుల్ ఇరవై ఏడు

జమ్మలమడుగు మిషనాసుపత్రిలో
ఎమ్మెస్సీ నర్సింగ్ రెండో ఏడు నాది.
థీసిస్ అంతా షుగరు పుండ్లే,
పొడవు, వెడల్పు, లోతు, వాసన.

ఇరవై ఏడో శాంపుల్ దూదేకుల నాగూరయ్య.
ముప్పై ఏళ్ళు నాపరాళ్ళ గనిలో నిలబడ్డ కాళ్ళు.
గోళ్ళ సందుల్లో ఇంకా బూడిదరంగు రాతిదుమ్ము.
బేసిన్ దగ్గరికి జరపగానే పాదం వెనక్కి లాక్కున్నాడు:
"వద్దు మా, అంత సదువుకోని నా కాళ్ళు పట్టుకునేదేంది!"

పొద్దున ప్రార్థనలో సాలోమి మేడమ్ చెప్పిన
చేపలాయన గుర్తొచ్చాడు.
ఆయనా ఇట్లాగే అన్నాడంట, పస్కా రాత్రి, బల్ల దగ్గర.
నవ్వొచ్చింది.
నిజం చెప్పాలంటే నేను కడిగింది ప్రేమతో కాదు,
దుమ్ము పోతే గాని స్కేలు పెట్టలేను.

పన్నెండో రోజు
పుండు అంచు గులాబీ రంగుకు తిరిగింది.
రాసుకుంటున్నాను.
"ఏం పాపా, కుంటుతాండావే?" అన్నాడు.

కొత్త బూట్లు.
మడమ మీద బొబ్బ పగిలి సాక్సుకు అంటుకుంది.
ఆయన భార్య హుసేనమ్మ మారుమాట లేకుండా
చెంబుతో నీళ్ళు తెచ్చి నేలమీద కూర్చుంది.
కొంగు తడిపింది.
ఆ కొంగు స్టెరైల్ కాదు, నాకు తెలుసు.
"వద్దు, వద్దు" అంటూ కాలు లాక్కున్నాను.
"ఊరికే ఉండు" అంది.

ఈ వైపు కూర్చోవడం ఎవరూ నేర్పలేదు.
రెండేళ్ళలో ఒక్క ప్రాక్టికలూ లేదు,
వైవాలో అడగరు.

కాలు వదిలేశాను.
పెన్నలో తవ్విన చెలమలా
చల్లగా ఉన్నాయి నీళ్ళు.

బయట మే నెల.
ఇంకా పదమూడు శాంపుళ్ళున్నాయి.