పదిహేడో దఫా

అక్టోబరు ఆఖరు. కామా నది
అంచుల్లో మాత్రమే గడ్డకట్టింది.
నాలుగో అంతస్తు, ఎడమచేతి తలుపు.
లిఫ్టు ఈ ఏడూ పనిచెయ్యదు.
దాని గురించి మా ఫారంలో ప్రశ్న లేదు.

తలుపు తీస్తూనే వెనేరా
"వచ్చావా రిమ్మా, ఉన్నామో పోయామో చూసుకోడానికి"
అంటుంది.
కాదనడానికేం లేదు, దాదాపు అదే నా పని.

మొదటిసారి ఈ మెట్లెక్కినప్పుడు నాకు ముప్పై ఒకటి.
అప్పట్లో ఫనీస్ ఎనామిల్ కార్ఖానాలో కొలిమి దగ్గర.
"గడిచిన ముప్పై రోజుల్లో మీ చేతికందిన జీతం?"
మాట్లాడకుండా లేచి బాల్కనీ తలుపు తెరిచాడు.
నేల నుంచి కిటికీ దాకా గిన్నెలు,
నీలం పువ్వుల గిన్నెలు, మూతలు విడిగా తాళ్ళతో కట్టి.
"ఐదు నెలలది. లెక్కపెట్టుకో."

రూబుళ్ళకి ఆరు గళ్ళున్నాయి, గిన్నెలకి ఒక్కటీ లేదు.
కాగితం అంచున పెన్సిలుతో రాశాను:
నూట పద్నాలుగు, మూతలతో సహా.
మరుసటేడు ఫారంలో కొత్త ప్రశ్న వచ్చింది,
జీతం బదులు సరుకు ఇచ్చారా అని.
నా పెన్సిలు రాతవల్లేనని
ఇప్పటికీ అనుకుంటాను. అయ్యుండదు.

"పోయిన వారం ఒక్క గంటైనా పని చేశారా?"
రైలు మా స్టేషన్లో పన్నెండు నిమిషాలు ఆగుతుంది.
రోజుకి మూడు రైళ్ళు.
రెండు చేతులా గిన్నెలెత్తి
కిటికీల వెంట పరిగెత్తేవాడు ఫనీస్.
రెండు రోజులకే గంట దాటింది,
కనక అతనికి పని ఉన్నట్టు.
అలాగే రాశాను. నియమం అది.

శిక్షణకి పిలిచినప్పుడు
మాస్కో నుంచి వచ్చిన గ్లేబ్ అనే కుర్రవాడు
తెర మీద ఒక గీత చూపించాడు.
మన దేశంలో జీతాలు వంగాయి,
ఉద్యోగాలు విరగలేదు అన్నాడు, మురిసిపోతూ.
బాగుంది మాట.
ఆ గీత మందంలో ఎక్కడో
వెంట్రుకవాసి ఫనీస్ ఉంటాడు,
ప్లాట్‌ఫారం మీద ఆయాసపడుతూ.

లైసాన్‌ని తొమ్మిదేళ్ళప్పటి నుంచి కొలిచాను,
గోడకి నిలబెట్టి, చెప్పులు విప్పించి.
పద్నాలుగు నిండాక తనకంటూ ఒక ఫారం.
ఆశగా నింపింది పిల్ల, ప్రతి గడీ.
తర్వాత సుర్గుత్ వెళ్ళిపోయింది, చమురు బావుల వంటశాలకి.
మా కట్టుబాటు చిరునామాతో, మనుషులతో కాదు.
గడప దాటినవాళ్ళ వరసలో చుక్క పెడతాం.
చుక్కంటే లేదని కాదు,
మాకు తెలీదని.

పదకొండో దఫాలో ఇంకో చుక్క.
ఆ ఏడు వెనేరా జవాబులన్నీ
కిటికీ వైపు తిరిగి చెప్పింది.

ఇవాళ చక్‌చక్ ముక్కలు పెట్టి టీ పోసింది.
తేనె వేళ్ళకంటుకుని పేజీ తిరగదు.
చప్పున నా కలం లాక్కుని
"ఇప్పుడు నువ్వు చెప్పు.
పోయిన వారం పని చేశావా?"
చేశాను. ఇదిగో, ఇదే.
"కాగితాల మీద ఉద్యోగమేనా?"
కాదు. ఇంటికింతని. ఈ రెండు నెలలే.
"సెలవు జీతం?"
నవ్వాను.
"టీ తాగే గంట కూడా పనిలోకి వస్తుందా?"
తెలీదు వెనేరా, నా గుమ్మంలోకి
ఎవరూ రాలేదు అడగడానికి.
మా భవనం మచ్చులో పడలేదు.

పొయ్యి మీద సూప్ పొంగింది.
అంచు ఊడి, లోపలి ఇనుము కనిపించే గిన్నె.
పువ్వు ఒకటిన్నర మిగిలింది.

చివరి ప్రశ్న:
రాబోయే పన్నెండు నెలల్లో మీ కుటుంబం
ఇప్పటికంటే మెరుగ్గా బతుకుతుందా, అధ్వాన్నంగానా?
వెనేరా గిన్నె దించి, చేతులు తుడుచుకుని
చాలాసేపు ఆలోచించింది.
"పోయినేడు ఏం చెప్పాను?"
నేను చెప్పకూడదు.
"సరే, అదే రాసుకో."