రెండడుగులు వెనక్కి

ఓజుర్గేతి ఊరి చివర, తేయాకు ఆరబెట్టే కొట్టంలో
గోడలకి గొంగళ్లు కట్టి స్టూడియో అన్నాం.
మైకు ఒక్కటే. పాడేవాళ్లు ముగ్గురు.
లమారా చెవిలో మాత్రం
ముగ్గురూ తూకానికి రావాలి.

మంద్రం పట్టే వర్లాం గొంతు విప్పితే
కిటికీ అద్దాలు గజగజలాడేవి.
"తాతా, రెండడుగులు వెనక్కి" అంది.
ఆయన మీసం దువ్వాడు, కదల్లేదు.
నలభై ఏళ్లుగా ఏ విందులోనూ
తనని వెనక నిలబెట్టిన మొనగాడు లేడట.

ఆమె వాదించలేదు.
టేపు వెనక్కి తిప్పి వినిపించింది:
ఆయన గొంతు కింద బిచికో పాట
బండ కింద గడ్డిపోచ.
ముసలాయన చాలాసేపు నేల చూశాడు.
తనంతట తనే జరిగాడు, ఒకటి, రెండు,
ఇంకో అరడుగు కూడా.
నేను వంగి ముగ్గురి బూట్ల చుట్టూ
సుద్దతో గీశాను. అదీ నా ఉద్యోగం:
తీగలు చుట్టడం, సుద్ద గీయడం,
రేకుల మీద వాన మొదలైతే ఆగేదాకా
అందరికీ టీ పోయడం.

ఆ రికార్డులో అందరూ పాట వింటారు.
నాకు ఆ రెండున్నర అడుగులు వినిపిస్తాయి.

వర్లాం పోయిన ఏడాది
మిగిలిన ఇద్దరూ వచ్చారు.
అలవాటు చొప్పున మూడు జతలూ గీసేశాను.
తుడవబోతే బిచికో చెయ్యి పట్టుకున్నాడు.
మైకు దగ్గరికి జరపనా అని అడిగాను.
లమారా తల అడ్డంగా ఊపి
హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.
సూది లేచింది, పడింది, లేచింది.
పాడుతూ పాడుతూ ఇద్దరూ ఒకచోట ఆగారు,
ఆయన అందుకునే చోట.

ఆమె టేపు ఆపలేదు.