అరగంట

చదివేవాడికి కళ్లు లేవని ముందే చెప్పారు.
అయినా కిటికీ తెర పక్కకి లాగి
వెలుతురు పడేలా కూర్చునే రాస్తున్నాను
సెయింట్ జాన్స్ రేవులో, వలల గోదాము మీది గదిలో,
మెయిళ్లను ఆపి ఆపి పంపే ఈ పనిముట్టును
ఏఐ ఏజెంట్లు ఎలా వాడుకోవాలో.

"ఎవరికి, ఏమిటి, ఎప్పుడు. మూడూ తప్పనిసరి."

మొదటి రెండూ కాఫీ చల్లారేలోపు అయిపోయాయి.
మూడోదానితో ఇది పదకొండో రోజు.

మనిషికైతే "పొద్దున్నే పంపు" అంటే చాలు.
ఆవలించి, గోడ గడియారం చూసి,
ఎవరి పొద్దునో తనే పోల్చుకుంటాడు.
వీడు ఆవలించడు.
రాసింది రాసినట్టు చేస్తాడు.
రాయనిది కూడా చేస్తాడు,
అడగకుండా, తన లెక్కన.

మా అమ్మ వంటల పుస్తకం నిండా "తగినంత."
ఉప్పు తగినంత, పిండి తగినంత,
ఎండు కాడ్ చేప నానడానికి తగినంత సేపు.
ఆ మాట కొట్టేశాను.
"కాసేపట్లో" కొట్టేశాను.
"చీకటి పడ్డాక" కూడా:
ఇక్కడ డిసెంబరులో నాలుగున్నరకే పడుతుంది,
జూన్‌లో పది కొడితే గానీ పడదు.
"వీలైనంత త్వరగా"ను రెండుసార్లు కొట్టేశాను,
పిలవని చుట్టంలా మళ్లీ వచ్చి కూర్చుంటే.

ఇంతా కొట్టేసిన దాన్ని
ఒక్క మాట చూసుకోలేదు.
"గ్రీనిచ్‌తో తేడాను గంటల్లో ఇవ్వండి" అని రాశాను.
గంటల్లో.
మా దీవికేమో ఎప్పుడూ ఒక అర తోకలా ఉంటుంది,
చలికాలం మూడున్నర, వేసవి లెక్కన రెండున్నర.

ఏప్రిల్‌లో ఉత్తరాన పీతల ఫ్యాక్టరీ వాళ్లు
పరీక్షకని ఏజెంటుకు ఓ మెయిలు అప్పగించారు:
"అఖాతం నిండా మంచుగడ్డలు, పడవలు రాలేదు,
ఈ పూట పని లేదు."
ఐదింటికి చేరాలి. అందరూ ఐదుంపావుకి ఇల్లు కదులుతారు.
వాడు రెండున్నరను మూడు చేశాడు.
తప్పెలా అంటాను? గంటల్లో అన్నది నేనే.

లాగ్‌లో చూశాను:
"విజయవంతంగా పంపబడింది."

ఫోన్ చేస్తే డల్సీ కీపింగ్ ఎత్తింది.
ఇరవై ఆరేళ్లుగా పీత కాళ్లు విరిచిన గొంతు.
"గేటు ముందు నలభై ఒక్కరం, పైన మంచు తుంపర.
నా థర్మోస్ టీ ఏడుగురికి వచ్చింది.
ఐదున్నరకి జేబుల్లో ఫోన్లన్నీ ఒక్కసారే,
బుట్టలో కోడిపిల్లల్లా!
చూడాల్సిన పనేముంది, తలుపు మూసే ఉందిగా."
నవ్వింది.
తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రాత్రి దిద్దాను:
"తేడాను గంటలు, నిమిషాలు రెండింటిలోనూ ఇవ్వాలి.
సున్నా చుట్టవద్దు, పైకీ కిందికీ సవరించవద్దు.
సందేహముంటే పంపవద్దు, అడగాలి.
అరగంట కూడా కాలమే."

చివరి వాక్యాన్ని టొరంటోలోని ఇవార్ తీసేశాడు.
"ఏజెంటుకు ఇది సమాచారం కాదు" అని
పక్కన ఎర్రగా రాశాడు.
నిజమే. వాదించలేదు.
ఉదాహరణ ఒకటి కావాలన్నాడు, ఇచ్చాను:

ఎవరికి: డల్సీ
ఏమిటి: ఈ పూట రావద్దు, పడుకో
ఎప్పుడు: ఏప్రిల్ పదిహేడు, ఉదయం ఐదు,
గ్రీనిచ్‌కు వెనక రెండు గంటల ముప్పై నిమిషాలు

దాన్ని ఎవరూ తీయలేదు.
ఇప్పుడు ఎక్కడో ఏదో యంత్రం
ఎవరి జీతాల కబురో, ఎవరి ఆపరేషన్ తేదీయో
వాయిదాలో పెట్టే ముందు
ఒకసారి డల్సీని చదువుతుంది.
ఆమె ఎవరో దానికి అక్కర్లేదు.
టీ సంగతి అసలే అక్కర్లేదు.

బయట పొగమంచు. రేవు బూర
ఎవరికీ అని కాక అందరికీ మోగుతోంది.

"రద్దు చేయడం" అనే భాగం ఇంకా మిగిలే ఉంది.
దాంతో రేపు కూర్చుంటాను.
కాదు. రేపు ఉదయం తొమ్మిదింటికి,
ఇక్కడి గడియారం ప్రకారం.