శివారుకి అందని నీళ్ళు

ఎప్పట్నుంచి అని అడిగారు కదా డాక్టరమ్మా, మొదటిసారి వచ్చినప్పుడు.
తారీకు చెప్పలేకపోయాను.
కాలువలో గుర్రపుడెక్క ఏ రోజు మొదలైందో
ఎవరు రాసుకుంటారండి?
ఊదారంగు పువ్వొకటి కనిపిస్తుంది, బాగుందే అనుకుంటాం.
నెల తిరిగేసరికి పడవ కదలదు.

ముప్పై ఒక్క ఏళ్ళు లస్కరునండి, లొల్ల లాకుల మీద.
తలుపు ఎన్ని అంగుళాలు ఎత్తితే
కింద ఎన్ని ఎకరాలు తడుస్తాయో
చేతికే తెలిసేది.
షుగరు వయసు పందొమ్మిది.
ముందు అరికాళ్ళు పోయాయి.
చెప్పు జారిపోయినా ఫర్లాంగు నడిచేశాను గట్టు మీద,
వెనక నుంచి వీరవేణి కేకేస్తే గానీ తెలీలేదు.
ఆ మొద్దుతనం పైకీ పాకుతుందని,
కడుపుని నడిపే నరం
కాలి నరానికి చుట్టమేనని
నాకెవరు చెప్పారు?

మధ్యాహ్నం తిన్న ఆనపకాయ ముక్క
రాత్రి తేన్పులో పలకరించేది.
పొద్దున్న కట్టిన లుంగీ ముడి
సాయంత్రానికి మూడుసార్లు సడలించాలి.
మనవడు పొట్ట మీద చెవి పెట్టి
"కప్పలున్నాయి తాతా" అన్నాడు.

ఇంకో తమాషా.
సూది పొడుచుకుని అన్నానికి కూర్చుంటాను.
మందు టైముకి డ్యూటీ ఎక్కుతుంది,
అన్నం పై లాకు దగ్గరే ఆగిపోతుంది.
చెమటలు, వణుకు. మిషన్లో యాభై ఎనిమిది.
అర్ధరాత్రి ఎవరో తలుపు ఎత్తేసినట్టు
మూడొందల పది.
"దొంగతనంగా ఏం తిన్నావు?" అని
నాలుగు నెలలు నిలదీసింది వీరవేణి.
ఏ వీధిలో చూసినా పూతరేకులు చుట్టే ఊరు మాది,
అనుమానం న్యాయమైనదే.

కడుపు చూస్తే నిండు కాలువ,
ఒళ్ళు చూస్తే శివారు చేను.
తొమ్మిది కేజీలు తగ్గాను.
పైన నీళ్ళు గట్టు తన్నుతుంటే
కింద నారుమడి బీటలిచ్చిందని
రైతులు నా మీదకి వచ్చేవారు ఒకప్పుడు.
ఇప్పుడు నా మీదకి నేనే వచ్చాను.

కాకినాడలో ఆ ఊదే పరీక్ష చేయించారు కదా,
ముందు ఒక గ్లాసుడు తియ్యటి మందు.
పందొమ్మిదేళ్ళకి డాక్టరే తీపి తాగమంది!
పావుగంటకోసారి గొట్టంలోకి ఊదాను.
అంకెలు లెక్కకంటే ముందే లేచాయి.
పెద్దపేగులో ఉండాల్సిన క్రిములు
చిన్నపేగులో కాపురం పెట్టాయన్నారు మీరు.
నేను నవ్వాను, తప్పుగా అనుకోకండి.
మురుగుకాలువ పంటకాలువలోకి ఎగదన్నడం
ఈ కళ్ళతో ఎన్నిసార్లు చూశానో.
వాటిని మాత్రం ఏమంటాం?
కదలని నీళ్ళలో ఏదో ఒకటి మొలుస్తుంది.

పద్నాలుగు రోజులు బిళ్ళలు.
"మళ్ళీ రావచ్చు" అని కూడా అన్నారు.
ఆ మాటకే మీరంటే గురి కుదిరింది నాకు.
ఏటా డెక్క తీసే కాంట్రాక్టరు
ఒక్కసారైనా ఆ ముక్క అనలేదు.

కానీ ఒకటి చెప్పి నా నిద్ర పాడుచేశారండి.
భోజనానికీ భోజనానికీ మధ్య ఖాళీ ఉంచమని,
ఆ ఖాళీలోనే పేగు తనని తాను ఊడ్చుకుంటుందని.
వేసవిలో కాలువ కట్టేస్తే ఊళ్ళు తిట్టేవి,
పూడిక తియ్యాలయ్యా అని బతిమాలేవాణ్ణి.
అదే మాట నా లోపలి నుంచి ఎవరో
ఎన్నాళ్ళుగా బతిమాలుతున్నట్టు!
నాలోనూ ఒక లస్కరు ఉన్నాడన్నమాట,
రాత్రుళ్ళు లాంతరు పట్టుకుని
గట్టంతా తిరిగేవాడు.
వాడికి జీతం లేదు, సెలవు లేదు,
పందొమ్మిదేళ్ళు తీపినీళ్ళలో నిలబెట్టాను.
వాడి అరికాళ్ళు కూడా పోయాయి.

ఇప్పుడు ముద్ద చిన్నది చేశాను.
పీచు ఎక్కువైన పనసపొట్టు మానేశాను, ఏడుపొచ్చింది.
తిన్నాక లాకుల దాకా నడుస్తాం ఇద్దరం,
నా కాళ్ళకి చెప్పులున్నాయో లేదో
ఆవిడ చూసుకుంటుంది.

ఒక్కటి రాసుకోండి.
మొన్న మంగళవారం పొద్దున్న ఏడుంబావుకి
నాకు ఆకలేసింది.
ఇదైతే తారీకుతో సహా చెప్పగలను.